మూలలు

సాల్మియాలో బొమ్మల అంగడి మేడ మీద
కిటికీ లేని గదిలో నా కొలువు.
తెల్లదీపం, భూతద్దం, మెత్తటి గుడ్డ.
బల్ల మీద అట్టముక్క పడుకొని ఉంటుంది,
బంతిని తన్నబోతూ ఆగిపోయిన కాలుతో.

ముందు మూలలు చూడాలి.
తర్వాత అంచులు, ఆ తర్వాత నిగనిగ.
చివరికి, బొమ్మ నట్టనడుమ ఉందా,
ఎడమ తెలుపు కుడి తెలుపుకి సాటొస్తుందా అని.
అన్నీ కుదిరితే పది.
వెంట్రుకవాసి తేడా వస్తే తొమ్మిది.
పదికి నాలుగొందల దినార్లు,
తొమ్మిదికి తొంభై.
ఆ మూడొందల పదీ ఎక్కడ పడిపోయాయోనని
మొదట్లో బల్ల కింద కూడా చూశాను.

ఆటగాడు అదే ఆటగాడు.
కొట్టిన గోలు అదే గోలు.
మా రాయచోటి సంతలో గొర్రెకి పళ్ళు చూస్తారు;
దానికైనా నాలుగు రోజులు మేత వేస్తే ఒళ్ళొస్తుంది.
దీనికి రావడం లేదు, పోవడమొక్కటే.
అచ్చులోంచి బయటపడ్డ క్షణమే దాని మంచికాలం.
ఆగస్టు ఉప్పుచెమ్మకి విల్లులా వంగుతుంది.
దుమ్ము లేచిన రోజు మేనేజరు హాతెమ్
తలుపు సందులకి టేపు అంటించి
కాన్పుగది బయట మొగుడిలా తిరుగుతాడు.

నన్నెందుకు పెట్టుకున్నాడో చెప్పాలి.
పదకొండేళ్ళు జహ్రాలో టైల్స్ పరిచాను.
సిమెంటు నా వేళ్ళ మీది గీతల్ని తినేసింది.
సివిల్ ఐడీ ఆఫీసులో మిషను
మూడుసార్లు నన్ను లేనివాణ్ణి చేసింది.
హాతెమ్ అవే వేళ్ళను దీపం కింద తిప్పి చూసి
"వీడు ముట్టుకుంటే మరక పడదు" అన్నాడు.
ఓబులేసుకి ఈ జన్మలో వచ్చిన పది అదొక్కటే.

మొన్న శుక్రవారం, జుమ్మా వేళ,
షట్టరు సగం దించి ఉండగా
ఒకామె వంగి లోపలికొచ్చింది.
పేరు వీరమణి. ఊరు అల్లవరం.
ప్లాస్టిక్ సంచీలో, టిష్యూల మధ్య, ఉబ్బిన కార్డు.
"పిల్లాడి ప్యాంటు జేబులో ఉందండీ, చూసుకోలేదు.
మిషన్లో వేసేసేను.
మేడమ్ రెండొందల దినార్లంటంది.
నా జీతం నూటపాతికండీ.
ఇస్త్రీ చేస్తే సాపవుద్దాండీ?"

ఇస్త్రీ వద్దమ్మా అన్నాను.
ఇక్కడ నలిగినదాని కన్నా
నలగనట్టు నటించినదే చవక.

దీపం వేశాను. గోల్‌కీపరు గాల్లోనే ఉన్నాడు,
సబ్బునీళ్ళు తాగి, చేతులు చాపి.
నాలుగు మూలలూ పొరలు పొరలుగా విచ్చుకున్నాయి.
కింద ఎడమ పక్క ఒక ముడత.

జేబులో తిరిగిన కార్డు ఏనాడూ పది కాదు.
తొమ్మిదీ కాదు.
బడి బల్ల మీద, బంతాటలో, కారు వెనక సీట్లో
కూర్చున్నప్పుడల్లా తొడ దాన్ని కాస్త కాస్త కొరికింది.
పిల్లాడికి అదంటే ఇష్టం.
ఇష్టమైతే మూలలు మిగలవు.

అంగడి కాగితం తీసి,
హాతెమ్ నేర్పిన అరబ్బీ అంకెల్లో రాశాను.
ముడత పాతది. ఉతక్కముందు మూడు.
వెల ఒకటిన్నర దినారు.
ముద్ర అంగడిది, సంతకం నాది.
సిరా ఆరకముందే పట్టుకున్నానేమో
కాగితం మూల మీద బొటనవేలు పడింది,
గీతల్లేని నల్లటి చుక్క.

"ఒకటిన్నరేనాండీ?" అని రెండుసార్లు అడిగింది.
పర్సులోంచి చిల్లర ఏరి చూసుకుంది,
అక్కడే కట్టాలనుకుందో ఏమో.
షట్టరు కింద వంగి వెళ్ళిపోయింది.

ఆ ముడత ఉతక్కముందుదో, ఉతికాకదో
భూతద్దానికి తెలుసు.
గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాను.

నమాజు నుంచి వచ్చి హాతెమ్ అడిగాడు
ఎవరైనా వచ్చారా అని.
"ఒక మూడు వచ్చి పోయింది" అన్నాను.